టెస్టుల్లో వెటెల్ ఫాస్ట్, మెల్‌బోర్న్ పోల్ మాత్రం హామిల్టన్‌కి: ఎందుకు?

2018 ఫార్ములా 1 కారు రేసుల సీజన్‌కి ముందు జరిగిన టెస్టుల్లో అప్పటి ఫెరారీ డ్రైవర్ వెటెల్ ఫాస్ట్‌గా ఉంటే, మెల్‌బోర్న్ రేసులో పోల్ (క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగంగా తిరిగి రేసులో మొదటి స్థానం నుంచి బయల్దేరడం) అప్పటి మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్‌కి ఎలా దక్కిందని అడిగారు కదా. మీరు పోల్చింది రెండు వేర్వేరు టైర్లని. 2018 బార్సిలోనా టెస్టుల్లో వెటెల్ 1:17.182 కొట్టింది గులాబీ రంగు హైపర్‌సాఫ్ట్ (అప్పట్లో అన్నిటికంటే మెత్తని, వేగమైన టైర్) మీద. మెర్సిడెస్ దాని జోలికే పోలేదు. పైగా ఆ టైర్ మెల్‌బోర్న్‌కి రానే లేదండీ, రేసుల్లోకి వచ్చిందే మొనాకోలో. మరి మెల్‌బోర్న్‌లో హామిల్టన్ 0.66 సెకన్ల తేడాతో పోల్ కొడితే ఆశ్చర్యమేముంది?

ఈసారి ఇలా చూడండి:

1. టైమ్ పక్కన టైర్ రంగు, అంటే అది ఏ రకం టైరో.
2. ఇంధనం ఎంత పోశారో టీములు చెప్పవు. 10 కిలోలు ఎక్కువైతే ల్యాప్‌కి సుమారు 0.3 సెకన్లు పోతాయి.
3. అందరూ వదిలేసేది ఇదే: లాంగ్ రన్. పిట్‌లోకి (టైర్లు మార్చే చోటికి) రాకుండా వరసగా 15 ల్యాపులు తిరిగిన కారుని పట్టుకుని, ఒక్కో ల్యాప్ టైమ్ రాసుకోండి. ఇంధనం కరిగి బరువు తగ్గుతున్నా టైమ్ పెరుగుతోందంటే టైర్ అరిగిపోతున్నట్టే. అదే పూట, అదే టైర్ మీద తిరిగిన కారుతోనే పోల్చండి.