టీవీలో చీకటే సరిగ్గ లేకుంటే దయ్యం ఏం భయపెడ్తది?

మిర్యాలగూడ తమ్ముడు అడిగింది ఇది: దసరా సెలవుల్లో ఇంటిల్లిపాది కూసొని వరుసగ దయ్యం సినిమాలు, బొమ్మల సినిమాలు (యానిమేషన్) పెట్టుకున్నరు. 'భ్రమయుగం'లో సగం సేపు ఏం కనపడలే. 'మసూద'లో మాటలు వినపడక సౌండ్ పెంచితే అరుపులకు చెవులు పగిలినయి. స్పైడర్-మ్యాన్ బొమ్మల సినిమా సీరియల్ లెక్క జారుకుంట పోయింది. ఇవి మస్తుంటయని అందరు ఎందుకు చెప్తరు, మీకు నిజంగనే నచ్చినయా అని.

నచ్చినయి తమ్మీ. నువ్వు చెప్పిన మూడింట్ల రెండున్నర తప్పు టీవీది. షోరూమ్ లైట్ల కింద మెరవాలని కొత్త టీవీకి 'వివిడ్' లేకుంటే 'స్టాండర్డ్' మోడ్ పెట్టి పంపుతరు. క్రికెట్‌కు అది నడుస్తది. దయ్యం సినిమా బతికేది నలుపులో, నిశ్శబ్దంలో. బొమ్మల సినిమా బతికేది ఒక బొమ్మకు, ఇంకో బొమ్మకు నడుమ ఉన్న ఖాళీలో. మన టీవీ ఆ రెండిటిని తనకు తోచింది పెట్టి నింపేస్తది.

ముందుగల్ల చీకటి సంగతి. పిక్చర్ మోడ్‌ను 'సినిమా', 'మూవీ' లేకుంటే 'ఫిల్మ్‌మేకర్' అని ఉన్నదానికి మార్చు. మొదటి పది నిమిషాలు బొమ్మ పసుపుపచ్చగ, డల్‌గ అనిపిస్తది. ఇన్నేండ్లు నీలం తెలుపుకు అలవాటైన కండ్లు గద, జర ఓపిక పట్టాలె. తర్వాత 'ఎనర్జీ సేవింగ్', 'డైనమిక్ కాంట్రాస్ట్', గది వెలుగును బట్టి మారే లైట్ సెన్సర్, ఈ మూడు బంద్ చెయ్యి. దీపం పట్టుకొని మనిషి నడిచే సీన్లలో తెర మొత్తం ఒకసారి వెలిగి ఒకసారి ఆరినట్టు అయితే దానికి కారణం ఎక్కువ సార్లు ఇవే.

ఆ తర్వాత అందరు చేసే తప్పు, చీకటి కనపడట్లేదని 'బ్రైట్‌నెస్' పెంచుడు. చానా టీవీల్లో ఆ పేరుతో ఉన్నది నలుపు ఎంత లోతుండాలె అన్న అంకె. అది పెంచితే నలుపు బూడిద రంగయి తెరంత పొగ కమ్ముతది. వెలుగు కావాలంటే 'బ్యాక్‌లైట్' పెంచు. నలుపు సరి చూసేందుకు సులువైన పద్ధతి ఒకటుంది. సినిమాకు పైన కింద వచ్చే నల్ల పట్టీలు చూస్కుంట, చీకటి సీన్‌లో మనిషి జుట్టు, నల్ల అంగీ మడతలు ఉన్న చోట ఆపు. మడతలు కనపడేదాంక బ్రైట్‌నెస్‌ను ఒక్కో అంకె పెంచుకుంట పో. పట్టీలు బూడిదబారినయంటే ఒక అంకె వెనక్కి. ల్యాప్‌టాప్ నుంచో సెట్‌టాప్ బాక్స్ నుంచో చూస్తున్నప్పుడు ఎంత తిప్పినా మడతలు రాకుంటే హెచ్‌డీఎంఐ (బాక్స్‌ను టీవీకి కలిపే తీగ) సెట్టింగుల్లో 'బ్లాక్ లెవెల్' చూడు, నలుపు ఏ అంకె కాడ మొదలైతదో చెప్పేది అదే. బాక్స్ 'లిమిటెడ్' పంపుతుంటే టీవీ 'ఫుల్' అనుకుంటే నలుపు తేలిపోతది, ఉల్టా అయితే చీకట్ల ఉన్నదంత మింగేస్తది. రెండు దిక్కుల ఒకటే ఉండాలె.

గదిలో ట్యూబ్‌లైట్ బంద్ చెయ్యి, కని కటిక చీకటి కూడ వద్దు, కండ్లు గుంజుతయి. టీవీ వెనుక గోడ మీద పడేటట్టు ఒక జీరో బల్బు చాలు. పక్కకు కూసున్నోళ్లకు బొమ్మ వెలిసినట్టు కనపడితే అది ప్యానెల్ గుణం, సెట్టింగ్‌తోని పోదు. భయపడే సరదా ఉన్నోళ్లను నడుమ కూసోబెట్టు.

నెట్ సంగతి కూడ ఉంది. చీకటి సీన్లలో చతురస్రాలు చతురస్రాలుగ మురికి లెక్క కదులుతుంటే అది దయ్యం కాదు, డేటా చాలక వీడియో బాగ కుదించిన గుర్తు. 1080పీకి 5 ఎంబీపీఎస్ దాంక నిలకడగ రావాలె. ఫోన్ కోసమే ఇచ్చే చవక ప్లాన్‌లో 480పీ దాటకపోవచ్చు, అందులో 'భ్రమయుగం' పెట్టుడు దండుగ. దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఊర్లల్లో రాత్రి పూట నెట్ ఎట్లుంటదో తెలిసిందే. పగటి పూటనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో.

ఇగ సౌండ్. మాటలు వినపడవు, అరుపులు మాత్రం ఇంటి కప్పు లేపుతయి అన్నది దాదాపు అందరి బాధ. ఐదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె కోసం చేసిన 5.1 సౌండ్‌లో మాట దాదాపు అంత నడిమి స్పీకర్ నుంచే వస్తది. దాన్ని టీవీ రెండు చిన్న స్పీకర్లకు కుదించినప్పుడు మాట, వాన, సంగీతం అన్ని ఒకటే సందుల దూరుతయి. పైంగ ఆ స్పీకర్ల మొఖం కిందికో, గోడ దిక్కో ఉంటది. యాప్‌లో ఆడియో జాబితా తెరిచి 5.1 అని లేని ఉత్త 'తెలుగు' ఎంచుకో. బయట రెండు స్పీకర్లు తగిలించుకుంటే టీవీ సౌండ్ అవుట్‌పుట్‌లో 'పీసీఎం' (మామూలు రెండు స్పీకర్ల సౌండ్) పెట్టు. ఇంతతోనే సగం నయమైతది. 'నైట్ మోడ్' అనేది చిన్న సౌండ్‌ను పెంచి పెద్ద సౌండ్‌ను తొక్కుతది. పక్క గదిలో పిల్లలు పండుకుంటే పెట్టుకో, లేకుంటే దయ్యం సినిమాకు దాన్ని ముట్టకు. నిశ్శబ్దానికి, అరుపుకు నడుమ ఉన్న ఎడమే భయం. ఆ ఎడం తీసేస్తే మిగిలేది మేకప్ వేసుకున్న మనిషి. వాల్యూమ్‌ను పాట దగ్గర కాదు, ఇద్దరు గుసగుసలాడే సీన్ దగ్గర మాట తెలిసేంత పెట్టి రిమోట్ అవతల పడెయ్యి.

సౌండ్‌బార్ కొన్నోళ్లు కూడ రెండు తప్పులు చేస్తరు. తీగను 'ఏఆర్‌సీ' (టీవీ సౌండ్‌ను బయటికి పంపేది) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుకే పెట్టాలె, వేరేదానికి పెడితే సౌండ్ రాదు. టీవీ స్పీకర్లు బంద్ చెయ్యకుంటే ప్రతి మాట రెండు సార్లు వినపడ్డట్టు ఉంటది. బేస్ పెట్టె మూలకు నెడితే అంత గుంయ్ గుంయ్ అంటది, గోడకు అడుగు ఎడంగ జరుపు. అన్నట్టు కూలర్ నడుస్తుంటే దయ్యం సినిమా జోలికే పోవద్దు. పాలమూరు ఎండల కూలర్ బంద్ చెయ్యమని ఎవరికి చెప్పలేం గనుక, ఇవి చలికాలం సినిమాలు అనుకోవాలె.

బొమ్మల సినిమా జారినట్టు కనపడ్డది 'మోషన్ స్మూతింగ్' పని. సామ్‌సంగ్‌లో 'ఆటో మోషన్ ప్లస్' లేకుంటే 'పిక్చర్ క్లారిటీ', ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో' అంటరు. సినిమాకు సెకండుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. టీవీ వాటి నడుమ లేని ఫ్రేములు సొంతంగ పుట్టిస్తది. నువ్వు చూసిన 2018 స్పైడర్-వెర్స్‌లో పిలగాడు మైల్స్‌కు ఇంకా విద్య పట్టుబడలేదని చెప్పేందుకు, మొదట్ల అతని బొమ్మను సెకండుకు 12 సార్లే మార్చిన్రు. పక్కనే ఉన్న ఆరితేరిన స్పైడర్-మ్యాన్‌కు 24. ఒకడు గతుక్కుంట, ఇంకొకడు నున్నగ దుంకుతరు. స్మూతింగ్ ఉంటే ఇద్దరు ఒకటే తీరు కనపడ్తరు, ఆ తేడా మొత్తం మంట్ల కలుస్తది. బొమ్మల సినిమాకు దాన్ని సున్నా పెట్టు. మామూలు సినిమాలో కెమెరా పక్కకు తిరిగినప్పుడు మరీ గతుకులు వస్తే 1 లేకుంటే 2 పెట్టుకోవచ్చు, అంతకు మించి వద్దు.

ఇగ నా అభిప్రాయాలు. 'మసూద' 2022ల వచ్చిన మన దయ్యం సినిమాల్లో గట్టిది. పక్కింటి పిలగాడు మొదటి నుంచి పిరికోడు, దయ్యాన్ని కొట్టే మొనగాడు గాదు. ఆ పాత్ర వేసిన తిరువీర్ భయపడుతుంటే మనకు భయమైతది. రెండో సగంలో పాత కథ చెప్పేది మాత్రం పొడుగైంది, అక్కడ సినిమా బరువు తగ్గింది. ఆ అర మార్కు సినిమాదే, టీవీది కాదు. 'మా ఊరి పొలిమేర' మనకు తొందరగ ఎక్కుతది, ఎందుకంటే చేతబడి, బాణామతి మాటలు మన రచ్చబండ మీద ఇనేవే. అయితే అది భయం కన్నా మలుపుల మీద నడిచే సినిమా, చివరి మలుపు ముందే ఎవరన్న చెప్తే పని ఖతం. 'భ్రమయుగం' 2024ల నలుపు తెలుపులో తీసిన్రు. వాన, పాడుబడ్డ ఇల్లు, మమ్ముట్టి నవ్వు. పై సెట్టింగులన్ని అయినంక మళ్ల చూడు, వేరే సినిమా చూసినట్టు ఉంటది.

'భ్రమయుగం'ను దాని అసలు భాష మలయాళంలోనే, సబ్‌టైటిల్స్‌తో చూడుమంట. డబ్బింగ్‌లో సంగీతం, చప్పుళ్లు అవే ఉంటయి, మాట మాత్రం స్టూడియోలో మైకు ముందల మళ్ల చెప్పిస్తరు. ఆ ఇంటి గోడలకు తగిలి రావాల్సిన గుసగుస మన చెవి పక్కన చెప్పినట్టు పొడిగ వినపడ్తది. బొమ్మల సినిమాకు ఈ పట్టింపు అక్కర్లేదు. ఏ భాషలోనైన గొంతు స్టూడియోలనే ఇస్తరు గద, తెలుగు పెట్టుకొని పిల్లలతోని హాయిగ చూడొచ్చు.

'మహావతార్ నరసింహ' 2025ల పిల్లలు ఎగబడి చూసిన్రు. యాదగిరిగుట్టకో మట్టపల్లికో పోయొచ్చిన పిల్లలకు కథ ముందే తెలుసు, అయినా చివరి భాగానికి నోరు తెరుస్తరు, ఆ భాగం అంత బాగ కుదిరింది. అంతకు ముందు మనుషులు మాట్లాడుకునే సీన్లలో ముఖాలు బిర్రుగ ఉన్నయి. మనిషి ముఖం బొమ్మల్లో అన్నిటికన్నా కష్టం. పెదవి, రెప్ప ఇసుమంత తప్పినా మన కన్ను పట్టేస్తది. పిల్లిని, మరమనిషిని అంత తొందరగ పట్టదు. లాట్వియా నుంచి వచ్చి 2025ల ఆస్కార్ కొట్టిన 'ఫ్లో' చూడు, బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోని చేసిన్రు. ఒక్క మాట లేదు. వరదల పిల్లి, కుక్క, ఇంకొన్ని జీవాలు ఒకటే పడవల. సబ్‌టైటిల్స్ చదవలేని తాతమ్మలు కూడ కదలకుంట చూసే సినిమా.

పిల్లలున్నప్పుడు సర్టిఫికెట్ చూసి పెట్టు. 2024 నుంచి యూఏను 7+, 13+, 16+ అని విడగొట్టిన్రు, 7+ ఉన్నది ఇంటిల్లిపాదికి నడుస్తది. బొమ్మల సినిమా అంటే పిల్లలదే అనుకోవద్దు. 2009 నాటి 'కోరలైన్' బొమ్మలను చేత్తో ఇసుమంత ఇసుమంత జరుపుకుంట ఫొటోలు తీసి చేసింది, ఒక నిమిషానికి 1,440 ఫ్రేములు. అందులో కండ్ల జాగల గుండీలు కుట్టుకున్న ఇంకో అమ్మ వస్తది. 'మసూద' చూసి నవ్వినోళ్లు దీనికి దుప్పటి కప్పుకుంటరు. 9 ఏండ్ల లోపు పిల్లలకు వద్దు. పెద్దపిల్లలకైతే ముందుగల్ల పగటి పూట పెట్టు, సౌండ్ మాత్రం తగ్గించకు.