లోయర్ ఆర్మ్ బోల్టు గురించి చిన్నాకి

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. చక్రాన్ని బండి అడుగుభాగానికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బోల్టు, బుష్ (రబ్బరులో కూర్చిన ఇనుప గొట్టం) లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయిందనీ, కోయించి తీయాల్సొచ్చిందనీ రాశావు. బీచ్ రోడ్డు పక్కన బండి పెట్టుకునేవాళ్లకి ఇది తప్పదు, ఉప్పుగాలి ముందు తినేది వీటినే. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక షాపాయన 8.8 గ్రేడు బోల్టు ఇస్తానన్నాడు. ఇంకొకాయన స్టెయిన్‌లెస్ వేసుకో, మళ్లీ తుప్పు మాటే ఉండదన్నాడు. నీ స్నేహితుడేమో 12.9 వేస్తే తిరుగుండదంటున్నాడు. ముగ్గురి మాటా పక్కన పెట్టు. పాత బోల్టు తల మీద 10.9 అని ఉంది కదా, కొత్తదీ 10.9యే కొను. లోడుతో పాడేరు ఘాట్ ఎక్కి దిగే బండి అది, పక్క సీట్లో ఇంకో ఇంటి పిల్లాడు కూర్చుంటాడు. అందుకే ఎందుకో కూడా రాస్తున్నాను.

తల మీది అంకెలు చదవడం కష్టమేం కాదు. చుక్కకి ముందున్న అంకెని వందతో గుణిస్తే ఆ ఉక్కు తెగే బలం మెగాపాస్కళ్లలో వస్తుంది. చుక్క తర్వాతది, అందులో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు సాగిపోయి మళ్లీ వెనక్కి రాదో చెబుతుంది. 10.9 అంటే వెయ్యి దగ్గర తెగుతుంది, తొమ్మిది వందల దగ్గర సాగిపోతుంది. స్టీల్ ప్లాంటులో మా పాత ఫిట్టర్లు కిలోల్లోనే లెక్క చెప్పేవాళ్లు: వెయ్యి అంటే చదరపు మిల్లీమీటరుకి సుమారు వంద కిలోలు.

నీది 12 ఎంఎం బోల్టు. మామూలు 1.75 పిచ్ (త్రెడ్‌కీ త్రెడ్‌కీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) అనుకుంటే త్రెడ్ దగ్గర లెక్కకొచ్చే వైశాల్యం 84.3 చదరపు మిల్లీమీటర్లు. బోల్టులకి మన దేశం పెట్టిన ప్రమాణం ఐఎస్ 1367 అడిగే కనీస బలం ప్రకారం 8.8 బోల్టు సుమారు 6.9 టన్నుల దగ్గర తెగుతుంది, 10.9 అయితే 8.9, 12.9 అయితే 10.5. కానీ తెగే దాకా ఎవరూ బిగించరు కదా. సాగిపోకుండా ఎంత లాగవచ్చన్నదే మనకి కావలసింది. అది 8.8కి 5 టన్నులు, 10.9కి 7.1, 12.9కి 8.3. షాపాయన చెప్పిన 8.8 వేస్తే రెండు టన్నులకి పైగా పట్టు పోతుంది. అది చిన్న తేడా కాదు.

స్టెయిన్‌లెస్ సంగతి ఇంకా అన్యాయం. మెరుస్తుంది కాబట్టి గట్టిదనుకుంటారు. బజార్లో ఎక్కువగా దొరికేది ఏ2-70. దాని తెగే బలం 700, సాగే బలం 450. అంటే 12 ఎంఎం బోల్టు నాలుగు టన్నులు రాకుండానే సాగిపోతుంది, 10.9లో ఇంచుమించు సగమే. పైగా స్టెయిన్‌లెస్ నట్టు బిగిస్తుండగానే త్రెడ్‌లో పట్టేసుకుంటుంది. బిగిసిందనుకుంటావు, లోపల పట్టు ఉండదు. నంబరు ప్లేటుకి వేసుకో, చక్రం మోసే చోట మాత్రం వద్దు.

ఇక 12.9. బలం ఎక్కువే, కాదనను. కానీ అంత గట్టి ఉక్కు పెళుసుగా కూడా ఉంటుంది. జింక్ పూత పూసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి చేరితే, బిగించిన గంటలకో రోజులకో చెప్పాపెట్టకుండా తల ఊడిపోవచ్చు. తుప్పు పట్టే చోటా ఇదే భయం, మనదేమో సముద్రపు ఊరు. ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 12.9 వేసి పాత టార్కే (నట్టుని తిప్పే బలం) ఇస్తే పట్టు పాతదే వస్తుంది, ఒక్క కిలో కూడా పెరగదు. పట్టు పెరగాలని ఎక్కువ బిగిస్తే బుష్ లోపలి ఇనుప గొట్టమో నట్టు త్రెడ్డో నలిగిపోతుంది. కంపెనీ ఇంజనీరు ఆ గొట్టం, ఆ బ్రాకెట్ ఎంత నొక్కుడు తట్టుకుంటాయో చూసే 10.9 అని రాశాడు.

అసలు ఈ బోల్టు చేసే పని ఏటో తెలిస్తే ఇవన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బోల్టు గుంజలా అడ్డంగా నిలబడి బరువు మోస్తుందనుకుంటారు. అది కాదు. బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగి, బ్రాకెట్ రెండు చెంపల్నీ మధ్యనున్న గొట్టాన్నీ కలిపి నొక్కి పడుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే చక్రం తోపుల్ని మోస్తుంది. పట్టు సడలిందంటే ప్రతి గుంతకీ గొట్టం కదిలి బోల్టుని కొడుతుంది, బ్రాకెట్ రంధ్రం కోలగా అరిగిపోతుంది, చివరికి ఏ గ్రేడు బోల్టైనా అలసి తెగుతుంది. అడ్డంగా కదిలే జాయింటులో నట్టు దానంతటదే ఎలా వదులవుతుందో 1969లో యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు యంత్రం మీద పెట్టి చూపించాడు. అలాంటి కదలికని స్ప్రింగ్ వాషరు ఆపలేదు. ఇలాంటి గట్టి ఉక్కు (హెచ్‌టీ) బోల్టు కింద అది చదునైపోతుంది, అంతే. తల కింద గట్టి వాషరు గానీ, తలకే ఫ్లాంజ్ (వెడల్పాటి అంచు) ఉన్న బోల్టు గానీ వాడు.

వెనక కమాన్ కట్టల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. కమాన్ పట్టీల్ని మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు మాటిమాటికీ విరిగిపోతోందని ఇంకా గట్టి సెంటర్ బోల్టు వెతికేవాళ్లని మన లారీ స్టాండులో ఎంతమందినో చూశాను. కమాన్ కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులైతే యాక్సిల్ తోపంతా ఆ సన్నటి బోల్టు మీద పడుతుంది. యూ బోల్టులు బిగిస్తే ఆ రోగం పోతుంది.

షాపుకి వెళ్లేటప్పుడు పాత బోల్టు ముక్కలు పట్టుకెళ్లు. త్రెడ్ లేని నున్నటి భాగం పొడవు కొలిపించు. బ్రాకెట్ చెంపలు ఆనేది ఆ నున్నటి చోటే. తల దాకా త్రెడ్ ఉన్న బోల్టు ఇస్తే తీసుకోవద్దు. అక్కడ మందం తక్కువ, త్రెడ్ అంచులు రంధ్రాన్ని ఆకురాయిలా గీకుతాయి కూడా. పిచ్ కూడా చూడు, బళ్లలో 12 ఎంఎంకి 1.25 సన్న త్రెడ్ తరచుగా ఉంటుంది. తల మీద 10.9తో పాటు తయారుచేసినవాళ్ల గుర్తు కూడా అచ్చై ఉండాలి. ఏ గుర్తూ లేనిది ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు) బోల్టే అనుకో, ధర ఎంత చెప్పినా సరే. పాత అమెరికన్ జీపుల బోల్టులు కలిసిన డబ్బాలోంచి ఇస్తే ఇంకో జాగ్రత్త: తల మీద ఆరు గీతలుంటే అది గ్రేడ్ 8, దాదాపు మన 10.9కి సమానం. మూడు గీతలుంటే గ్రేడ్ 5, 8.8 దరిదాపుల్లోది. గ్రేడ్ 8 అంటే 8.8 అని కలిపేయకు. వాటి త్రెడ్ అంగుళాల కొలత, నీ నట్టుకి ఎలాగూ పట్టదు.

నట్టు కూడా కొత్తదే, దాని మీద 10 అని ఉండాలి. 10.9 బోల్టుకి 8 నట్టు వేస్తే ముందు నట్టు త్రెడ్ లేచిపోతుంది. నైలాన్ రింగు నట్టయితే ఒకసారి విప్పినది మళ్లీ వేయకు.

అవతలి పక్క బోల్టు బాగానే ఉందన్నావు. దాన్ని విప్పి తుడిచి, నైలాన్ రింగు లేని కొత్త నట్టుని వేళ్లతో తిప్పుతూ త్రెడ్ చివరి దాకా నడిపించు. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే అక్కడ బోల్టు సాగిందన్నమాట, పారేయ్. వంగిందో లేదో గాజు పలక మీద దొర్లించి చూడు. విప్పడానికి గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చారంటే మాత్రం పరీక్షలేవీ అక్కర్లేదు, ఆ వేడికి దాని టెంపర్ (ఉక్కుకి పెట్టిన గట్టిదనం) పోయింది.

బిగించేటప్పుడు గ్రీజు త్రెడ్‌కి పూయకు. నువ్వు పెట్టే టార్కులో పదో వంతో ఎంతో మాత్రమే పట్టుగా మారుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. గ్రీజు పూస్తే అదే టార్కుకి బోల్టు చాలా ఎక్కువ సాగిపోతుంది. తుప్పు పట్టకుండా గొట్టం లోపల ఉండే నున్నటి భాగానికి పల్చగా పూయి, చాలు. టార్క్ అంకె నీ బండి సర్వీసు మాన్యువల్లో చూసి టార్క్ రెంచ్‌తో పెట్టు. రింగు పానాకి పైపు తగిలించి లాగేవాడి చేతికి ఇవ్వకు.

జాకీ మీద ఉండగా నట్టు చేతి బిగింపు వరకే. బండిని కిందికి దింపి, చక్రాల మీద బరువు పడి రెండుసార్లు ఊగాక చివరి బిగింపు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి బేగి చిరిగిపోతుంది. మెకానిక్ తొందరపెట్టినా ఇది ఒగ్గేయకు, దగ్గర నిలబడి చేయించు.

తర్వాత నట్టు నుంచి బ్రాకెట్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయి. మొదటి ఘాట్ ట్రిప్పు దిగి వచ్చాక ఆ గీత విరిగిందేమో చూడు, యూ బోల్టులు కూడా అప్పుడే మళ్లీ టార్కు చూసుకో. కొనబోయే బోల్టు తల, నట్టు రెండింటి ఫోటోలూ డబ్బు ఇచ్చే ముందే నాకు పంపు. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య