విదేశాల్లో పిల్లల్ని స్పాన్సర్ చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

నెలనెలా పంపే డబ్బు ఆ పిల్లలకి చేరుతుందా, లేక ఫొటో చూపించి మన జాలిని సొమ్ము చేసుకుంటున్నారా అని అడిగారు. ఉగాండాలో ఒక అమ్మాయికి చాలా ఏళ్లుగా స్పాన్సర్‌ని. ఉద్యోగరీత్యా అక్కడి పల్లెల్లో కొంతకాలం తిరిగాను కూడా. ఆ అనుభవంతోనే చెప్తున్నా.

కటిక పేదరికం అనగానే మనకు ఎముకల గూళ్లు గుర్తొస్తాయి. నేను చూసింది వేరు. పిల్లలు గోల చేస్తూ, ఆడుకుంటూనే ఉంటారు. ఒక ఇంట్లో తల్లి ఒకే పెన్సిల్‌ని బ్లేడుతో మూడు ముక్కలు చేసి ముగ్గురికీ పంచింది. చిన్నదానికి వచ్చిన ముక్క వేళ్ల మధ్య నిలవనే నిలవదు. ఆ పిల్లకి అంతకుముందే మలేరియా వచ్చిందట, వైద్యానికి ఉన్న ఒక్క మేకనీ అమ్మేశారు. పెద్దపిల్ల యూనిఫాంకి, పరీక్ష ఫీజుకి దాచుకున్నది ఆ మేకనే. ఉగాండాలో 1997 నుంచి ప్రాథమిక విద్య ఉచితం. అయినా ఒక్క జ్వరంతో పెద్దపిల్ల బడి మానేసింది.

ప్రపంచ బ్యాంకు లెక్కలో రోజుకి 3 డాలర్ల లోపు బతుకు కటిక పేదరికం. ఆ మొత్తం కంటే, అది కూడా ఏ రోజుకారోజు ఉంటుందో లేదో తెలియకపోవడమే మనుషుల్ని ఎక్కువ నలిపేస్తుందని నాకనిపిస్తుంది. స్పాన్సర్‌షిప్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే అది నెల తప్పకుండా వస్తుంది.

డబ్బు నేరుగా పిల్లల చేతికి వెళ్తుందనుకోకండి. చాలా పెద్ద సంస్థలు ఆ ఊళ్లో బడికి, నీళ్లకి, వైద్యానికి కలిపి ఖర్చు పెడతాయి. కొన్ని మాత్రం ఎంపికైన పిల్లల ఫీజులు, ఆరోగ్యం చూస్తాయి. ఏ పద్ధతో చేరేముందే అడగండి. అనుమానపడటంలో తప్పులేదు: స్పాన్సర్ చేసిన పిల్లలు చనిపోయినా ఆ సంగతి దాతలకు తెలియని ఉదంతాలను 1998లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక బయటపెట్టింది.

మరి ఫలితం? పిల్లలకి స్పాన్సర్లని వెతికిపెట్టే కంపాషన్ అనే సంస్థ కార్యక్రమంలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో ఉగాండా, కెన్యా, భారత్ సహా 6 దేశాల్లో 10 వేల మందికి పైగా వివరాలు తీసి చూశారు. 2013లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం వాళ్ల చదువు 1.03 నుంచి 1.46 ఏళ్లు పెరిగింది. వినడానికి చిన్నగానే ఉంది. బడి మానేసిన ఆ పెద్దపిల్లకి ఇంకో ఏడాది దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఉత్తరాల గురించి ఒక మాట. నేను స్పాన్సర్ చేస్తున్న అమ్మాయి మొదట్లో నాకు రాసినవన్నీ ఎవరో చెప్పి రాయించినట్టే ఉండేవి, 'మీకు కృతజ్ఞతలు' అంటూ. నాకు ఇబ్బందిగా ఉండేది, ఆ వయసులో కృతజ్ఞత చెప్పడం కూడా ఒక హోంవర్కేనా అని. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఏ ఆట ఇష్టం అని నేనే అడగడం మొదలుపెట్టాక, లెక్కల టీచరు మీద ఫిర్యాదులు రాయసాగింది. అప్పట్నుంచి ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నా.

మీరు చేరాలనుకుంటే మీ ఖర్చులన్నీ చూసుకుని, చేయి బిగిసిన నెలలో కూడా ఆపకుండా కట్టగలిగేంత మొత్తమే ఒప్పుకోండి. మధ్యలో మీరు మానేస్తే ఆ పిల్లల సంగతేంటని కూడా సంస్థని ముందే అడగండి. వేరే స్పాన్సర్ దొరికేదాకా మేం చూసుకుంటాం అని రాతపూర్వకంగా చెప్పని చోటికి నేనైతే వెళ్లను.