ఆ ఇంటి కంచె బాగుంది, వెళ్లి అడగొచ్చా?

ప్రశ్న: నేను నల్గొండ దగ్గర ఒక ఊళ్లో టీచర్‌ని. బడికి నడిచి వెళ్లే దారిలో ఒక ఇంటి ముందు గోడకు బదులు నడుమెత్తు పచ్చటి కంచె ఉంది. చిన్న ఆకులు, ముదురు రంగు, మంచి మెరుపు. వానలు పడిన కొన్ని రోజులకు తెల్లపూలు విరగబూస్తాయి, వీధి మలుపు తిరగకముందే వాసన తెలుస్తుంది. ఆ ఇంటివాళ్లెవరో నాకు తెలియదు. నిలబడి చూస్తే ఏమనుకుంటారో అని నడక నెమ్మది చేసి చూసుకుంటూ వెళ్లిపోతాను. బాగుందని చెబితే, రేపు అది ఎండిపోతే మన దిష్టే తగిలిందంటారని మా అత్తగారు వద్దంటున్నారు. అది ఏ మొక్క? వాళ్లను అడిగి కొమ్మ తెచ్చుకోవచ్చా? మా ఇంటిని ఆనుకుని మాకు బత్తాయి తోట ఉంది, ఇంటి ముందు ఇలాంటి కంచె పెట్టుకోవాలని చాలా ఆశగా ఉంది.

జవాబు: తప్పకుండా చెప్పండి, అడగండి కూడా. వీధి వైపు కంచెను అంత శ్రద్ధగా కత్తిరించి పెట్టుకునే మనిషి దాన్ని నలుగురూ చూడాలనే పెంచుతారు. లోపలి నుంచి వాళ్లకు కనిపించేది దాని వీపే, అసలు అందమంతా దారిన పోయే మనకే కనిపిస్తుంది. అయినా ఏళ్ల తరబడి అంతమంది ఆ ముందు నుంచి వెళ్తున్నా ఒక్కరూ నోరు తెరిచి బాగుందని చెప్పరు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎండలో నిలబడి పెద్ద కత్తెరతో ఒక వరస తిన్నగా కత్తిరించడానికి పూట పడుతుంది, మర్నాటికి చేతులు లేవవు. ఆ పని చేసిన వాళ్లకు ఒక మాట దక్కాలి కదా.

గేటు కొట్టి పిలవాల్సిన అవసరం లేదు. పొద్దున ముగ్గు వేస్తున్నప్పుడో, సాయంత్రం నీళ్లు పెడుతున్నప్పుడో ఎవరో ఒకరు బయటకు వస్తారు. అప్పుడు ఆగి, ‘అమ్మా, రోజూ ఇటే బడికి వెళ్తానండి, మీ కంచె చూస్తుంటే ప్రాణం లేచొస్తుంది, ఎవరు కత్తిరిస్తారండీ?’ అనండి చాలు. ఎవరు కత్తిరిస్తారో అడగడం మాత్రం మర్చిపోవద్దు. చాలా ఇళ్లలో ఆ పని ఇంటాయన చేయరు, వారానికోసారి వచ్చే తోటమాలి చేస్తాడు, మీరు మెచ్చుకున్న మాట అతని దాకా వెళ్లాలి. వీలుంటే అతను పనిలో ఉన్నప్పుడే నేరుగా చెప్పండి, మొక్క గురించి ఇంటివాళ్లకన్నా అతనికే ఎక్కువ తెలిసి ఉంటుంది.

దిష్టి సంగతి. అత్తగారి మాట కొట్టిపారేయను, మన ఊళ్లలో ఆ భయం ఉన్నమాట నిజమే. ‘అబ్బా, ఎంత గుబురుగా ఉందో’ అని ఒక్కమాట అని వెళ్లిపోతే ఎవరికైనా కాస్త గుచ్చుకుంటుంది. అదే మాట తర్వాత ‘నేనూ పెట్టుకుందామనుకుంటున్నానండి, ఎలా పెంచారో చెబుతారా?’ అని అడిగితే వాళ్ల మనసు దిష్టి మీదికి పోదు, మొక్క మీదికి పోతుంది, ఇక మిమ్మల్ని ఓ పట్టాన వదలరు. ఫోటో కావాలంటే కూడా అడిగే తీసుకోండి, అందులో వాళ్ల గేటు, ఇంటి నంబరు పడకుండా చూసుకోండి.

ఇక మొక్క. మీరు చెప్పిన గుర్తులన్నీ మధుకామినివి, నర్సరీల్లో మురయా అంటారు. వానల తర్వాత విడతలు విడతలుగా పూస్తుంది, ఎర్రటి చిన్న కాయలు కాస్తుంది. కరివేపాకు, నిమ్మ, బత్తాయి, ఇది, అన్నీ ఒకే కుటుంబం, ఆకు నలిపితే ఆ చుట్టరికం ముక్కుకు తెలిసిపోతుంది.

మిమ్మల్ని ఆపాల్సి వస్తున్నది కూడా ఆ చుట్టరికమే. మీకు బత్తాయి తోట ఉందన్నారు కాబట్టి ఈ మొక్కను దాని పక్కన పెట్టకండి. బత్తాయికి, నిమ్మకు గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగుకు మధుకామిని అంటే మహా ఇష్టం. అది లేత చిగుళ్ల మీదే గుడ్లు పెడుతుంది. మనం కంచెను కత్తిరించినప్పుడల్లా కొత్త చిగుళ్లు వస్తాయి, అంటే తోటలో చిగురు లేని రోజుల్లో కూడా ఆ పురుగుకు మన చేత్తో మనమే నివాసం కల్పించినట్టు. గ్రీనింగ్ పట్టిన చెట్టును బాగుచేసే మందు లేదు. అందం కోసం తోటను పణంగా పెట్టలేం కదండీ. ఊళ్లో తోటకు దూరంగా చెల్లెలి ఇల్లో, బడి ఆవరణో ఉంటే అక్కడ హాయిగా పెట్టించండి. బాగా పండిన కాయల్లోని గింజలు తీసిన వెంటనే నాటితే మొలుస్తాయి, కొమ్మలు వేళ్లు పట్టడం కష్టం. కాబట్టి ఆ ఇంటావిడను కొమ్మ బదులు గుప్పెడు కాయలు అడగండి.

మీ ఇంటి ముందుకు నందివర్ధనం మేలు. పూజకు పూలు, ఏడాది పొడవునా పచ్చదనం, కత్తిరింపుకు తట్టుకుంటుంది. మేకలు, గేదెలు తిరిగే చోటైతే వాక్కాయ పెట్టండి, ముళ్లకు ఏవీ దగ్గరికి రావు, వానాకాలంలో పప్పులోకి కాయలూ దొరుకుతాయి. నూరువరహాలు కూడా చూడముచ్చటగా ఉంటుంది కానీ సున్నం ఎక్కువున్న నేలల్లో ఆకు పసుపెక్కిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లితే తేరుకుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ చల్లాలి. అంత ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

ప్రశ్న: మా కాలనీలో ఒకరింటి ముందు బంగారు రంగు డ్యురాంటా కంచె నేల దాకా ఆకుతో నిండుగా ఉంటుంది. మాదీ అదే మొక్క, కానీ కింద పుల్లలు, పైన మాత్రం గుబురు. ఎరువు వేసినా లాభం లేదు. ఏం చేయాలి? (విశాఖపట్నం)

జవాబు: లోపం ఎరువులో లేదు, కత్తిరింపులో ఉంది. ఈసారి ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు కంచెను చివరి నుంచి, పక్కవాటంగా చూడండి. అడుగు వెడల్పుగా, పైభాగం కాస్త సన్నగా కనిపిస్తుంది. అలా వాలుగా కత్తిరిస్తే కింది ఆకులకు కూడా ఎండ తగులుతుంది. మనలో చాలామంది పైన వెడల్పుగా వదిలేస్తారు, ఆ నీడకు కింది ఆకు రాలిపోయి పుల్లలు మిగులుతాయి. ఇంకోటి, మొక్క అడుగు ఎత్తున్నప్పుడే తలలు తుంచాలి. కొన తుంచితేనే పక్క కొమ్మలు లేస్తాయి, ఎత్తు పెరిగాక కత్తిరిద్దామని ఆగితే కింద కొమ్మలే ఉండవు. మీ కంచెను తొలకరి పడ్డాక సగానికి దించేసి మళ్లీ మొదలుపెట్టండి, డ్యురాంటా తొందరగానే చిగురిస్తుంది. నడి ఎండాకాలంలో మాత్రం అంత లోతుగా కోయొద్దు. బంగారు రంగు నిలవాలంటే ఎండ పడాలి, నీడలో అది మామూలు ఆకుపచ్చకు తిరుగుతుంది. చిన్నపిల్లలుంటే పసుపు రంగు కాయలు కనిపించగానే తుంచేయండి, అవి విషం.

ఇదంతా తీసేసి, వేగంగా పెరుగుతుందని ఎవరో చెప్పారని కోనోకార్పస్ మాత్రం పెట్టకండి. దాని పుప్పొడితో ఎలర్జీలు వస్తాయన్న ఫిర్యాదులున్నాయి, తెలంగాణలో హరితహారంలో విస్తారంగా నాటాక ఇక నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది.

ప్రశ్న: మా గోరింట కంచె చూసి అందరూ మెచ్చుకుంటారు, సంతోషమే. కానీ ఆషాఢం వస్తే చెప్పాపెట్టకుండా కొమ్మలు విరిచేస్తారు. బోర్డు పెట్టనా? (రాజమండ్రి)

జవాబు: బోర్డు వద్దండి. ఆషాఢంలో గోరింటాకు లేదని చెప్పి ఆడపిల్లను వెనక్కి పంపడం మీకూ ఇష్టం ఉండదు. నిజానికి గోరింట కోసేకొద్దీ గుబురెక్కే మొక్క, నష్టం అంతా చేత్తో విరవడం వల్లే. విరిస్తే బెరడు చీలుకుపోయి ఆ కొమ్మ ఎండుతుంది. ఆ నెల్లో ఒక ఆదివారం మీరే కంచెను సమానంగా కత్తిరించి, ఆ ఆకంతా బుట్టలో పోసి గేటు దగ్గర పెట్టండి, ఫలానా రోజు పెడతానని వీధిలో ముందే చెప్పండి. అడిగి తీసుకోకుండా కొమ్మ విరిచే వాళ్లు కనిపిస్తే మొహమాటపడకుండా ఆపండి, ఎంత మెచ్చుకున్నా సరే అడగకుండా కోయడం తప్పే. లావు కొమ్మలు మిగిలితే పారేయకండి, జానెడు ముక్కలు చేసి అడిగిన వాళ్లకివ్వండి, వానాకాలంలో గుచ్చితే చాలా వరకు బతుకుతాయి.