మామగారి పేరా, మేం అనుకున్న పేరా?

ప్రశ్న: మా అత్తగారిది నరసరావుపేట దగ్గర పల్లె. మేం ఉండేది హైదరాబాద్‌లో. తొలి కాన్పుకి గుంటూరులో పుట్టింటికి వచ్చాను. బాబు పుట్టి పదమూడు రోజులైంది. ఇరవై ఒకటో రోజు బారసాల. అబ్బాయైతే రిత్విక్ అని నేనూ మా ఆయన రాజేష్ ఎప్పుడో అనుకున్నాం. కిందటేడు మా మామగారు పోయారు. ఆయన పేరు కోటేశ్వరరావు. ఆ పేరే పెట్టాలని మా అత్తగారి పట్టు. 'మీ మామయ్యే మళ్ళీ వచ్చాడు' అని రోజూ ఫోన్‌లో ఏడుస్తారు. బాబుది చిత్తా నక్షత్రం, ఆ పేరు కుదరదన్నా వినరు. మా ఆడపడుచేమో న్యూమరాలజీ ప్రకారం రిత్విక్ చివర ఇంకో 'కె' తగిలించమంటోంది. మా ఆయన 'మీరూ మీరూ తేల్చుకోండి' అంటారు. ఈ రోజుల్లో కోటేశ్వరరావు అంటే బళ్ళో పిల్లలు ఏడిపించరా? ఈ టెన్షన్‌తో నాకు పాలు కూడా సరిగా పడటం లేదనిపిస్తోంది. ఏం చేయమంటారు?
ఓ సోదరి

జవాబు: అమ్మా, ముందు పాల సంగతి చూద్దాం. పేరు ఆగుతుంది, ఆకలి ఆగదు. ఈ వయసు బిడ్డ రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఒంటేలు పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. అనుమానంగా ఉంటే రేపే పిల్లల డాక్టర్ దగ్గర తూకం వేయించండి. పేరు గురించి వచ్చే ఫోన్లు రెండు రోజులపాటు మీ అమ్మగారిని తీయమనండి.

బారసాల నాటికి అంతా తేలిపోవాలన్న కంగారు కూడా వద్దు. 21 రోజుల్లోపు నమోదు కావాల్సింది పుట్టుక, పేరు కాదు. పేరు రాయకుండానే నమోదు చేయించి, ఆ తర్వాత 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. అదీ దాటితే ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ళ వరకూ వీలుంది. ఆసుపత్రి వాళ్ళు ఈపాటికే ఏదో ఒక పేరు రాసి పంపారేమో మాత్రం కనుక్కోండి. ఒకసారి ఎక్కిన పేరు మార్చాలంటే చాలా తిరగాలి. మా చిన్నప్పుడైతే బళ్ళో చేర్చే రోజున హెడ్మాస్టరు గారు ఏది రాస్తే అదే పేరు, అదే పుట్టినరోజు. ఇప్పుడలా కాదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బళ్ళో చేర్చాలన్నా, ఆధార్‌కైనా, పెద్దయ్యాక డ్రైవింగ్ లైసెన్సుకైనా పుట్టిన తేదీకి రుజువు ఈ బర్త్ సర్టిఫికెట్టే.

ఇక మీ అత్తగారి దగ్గరికి వద్దాం. ఆ పేరు పాతదే, కాదనను. కానీ నరసరావుపేట పక్కనే కోటప్పకొండ ఉంది కదా. త్రికోటేశ్వర స్వామికి మొక్కుకున్న ఇళ్ళల్లో కోటయ్య, కోటేశ్వరరావు, కోటమ్మ లేకుండా ఉండరు. సింహాచలం అప్పన్న పేరున ఉత్తరాంధ్రలో అప్పారావులు, అప్పలనాయుళ్ళు, అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజులు, యాదగిరిగుట్ట చుట్టూ యాదయ్యలు, కొమురవెల్లి మల్లన్న పేరున కొమురయ్యలు, కర్నూలు వైపు మద్దిలేటిలు. మనిషి పేరు వింటే ఏ వైపువాడో సగం తెలిసిపోయేది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈ ఒక్కడైనా దక్కాలని పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న తల్లులున్నారు. ఇప్పుడు ఆ పేర్లకి మనం నవ్వుతాం. ఆ తల్లులు నవ్వుతూ పెట్టలేదు.

1970లు, 80లు వచ్చేసరికి చివరి 'రావు', 'అయ్య' రాలిపోవడం మొదలైంది. ఎటు చూసినా రమేష్, సురేష్, మహేష్, రాజేష్, కిరణ్, ప్రసాద్. శ్రీనివాసరావు కాస్తా శ్రీనివాస్ అయ్యాడు. నేను పాఠాలు చెప్పిన ఒక తొమ్మిదో తరగతిలో నలుగురు శ్రీనులు ఉండేవారు. పొడుగు శ్రీను, కళ్ళజోడు శ్రీను, ఇంకో ఇద్దరిని ఇంటిపేర్లతో పిలిచేదాన్ని. నాలుగిళ్ళల్లోనూ ఆ పేరు కొత్తగా ఉందనే పెట్టుకుని ఉంటారు.

మీ ఆయన పేరు చూడండి. రాజేష్! పల్లెలో కోటేశ్వరరావు గారి కొడుక్కి ఆ పేరంటే, ఇవాళ మీకు రిత్విక్ ఎంత కొత్తో అప్పుడు వాళ్ళకి అంత కొత్త. అప్పుడు మీ అత్తగారి అత్తగారు ఏ పేరు అడిగారో, ఎవరి మాట నెగ్గిందో ఎప్పుడైనా అడిగారా? దెప్పడానికి కాదు, తెలుసుకోవడానికి అడగండి. చెబుతూ చెబుతూ ఆవిడే నవ్వినా నవ్వుతారు.

నక్షత్రం వాదన మాత్రం ఇక ఎత్తకండి. చిత్తకి పే, పో, రా, రీ అని, రిత్విక్ అందులో ఇమిడిపోయిందని మీకు ధీమా. కానీ నక్షత్రాన్ని బట్టి జన్మనామం ఒకటి, నలుగురూ పిలిచే పేరు ఒకటి ఉండటం మనకి మామూలే. ఆ లెక్కన ఆవిడ అడిగిన పేరుకీ అడ్డం లేదు. ఆవిడ ఏడుస్తుంటే మీరు పంచాంగం చూపించారు, అంతే.

ఆవిడ ఎందుకు ఏడుస్తున్నారో నాకు తోచింది చెప్తాను. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనేవారు కాదు. కొత్తకోడలిగా వచ్చిన రోజున గుమ్మం దగ్గర ఆడపడుచులు ఆపి చెప్పించినప్పుడు ఒకసారి సిగ్గుపడుతూ అని ఉంటారు. ఆ తర్వాత జీవితమంతా 'ఏమండీ', 'మావారు', 'రాజేష్ వాళ్ళ నాన్న'. ఆయన ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో మిగతావాళ్ళు పిలుస్తుంటే ఆ పేరు ఆవిడ చెవిన పడేది. ఏడాదిగా అదీ లేదు. ఆ ఇంట్లో ఆ పేరు మళ్ళీ వినపడాలని ఆవిడ ఆశ. బళ్ళో ఏడిపిస్తారని మీరంటే, ఆ పేరు నవ్వులాటకి పనికొచ్చేదని ఆవిడ చెవికి వినపడుతుంది.

తమాషా ఏమిటంటే, ఆ పేరే పెట్టినా ఇంట్లో ఎవరూ అలా పిలవరు. మామగారి పేరు పెట్టి కోడలు పిల్లాడిని కసురుకోకూడదని, భార్య నోట ఆ పేరు రాకూడదనీ, తాత పేరున్న పిల్లలంతా బాబ్జీలు, చంటిలు, తాతబ్బాయిలు అయ్యారు. కాబట్టి ఆవిడని ఒక్క మాట అడగండి: "ఆ పేరే పెట్టామనుకోండి అత్తయ్యా, మీరు వాడిని ఏమని పిలుచుకుంటారు?" ఆవిడ చెప్పిన పిలుపుని ఇంట్లో అందరూ వాడండి. మీరు కూడా.

రికార్డులోకి ఏది వెళ్ళాలంటే, నా ఓటు కోటేశ్వర రిత్విక్‌కి. నచ్చకపోతే ఉత్త రిత్విక్ పెట్టుకోండి, పెంచేది మీరిద్దరూ. ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించేవాడు, మంచి మాటే. కాకపోతే మీవాడు బడికెళ్ళేసరికి అదే తరగతిలో ఇంకో రిత్విక్ ఉంటే ఆశ్చర్యపోవద్దు, శ్రీనుల కథ చెప్పాను కదా. అందరినీ మెప్పించాలని వెంకట, సాయి అంటూ రైలుపెట్టెల్లా తగిలించకండి. ఇంటిపేరుని పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, అమెరికా వీసాలో పేరున్న చోట 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడి తలపట్టుకున్న మనవాళ్ళు బోలెడుమంది.

ఇంకో 'కె' మాత్రం వద్దనండి. ఆ పిల్లాడు బతికినన్నాళ్ళూ ప్రతి కౌంటర్ దగ్గరా 'రెండు కె లు సార్' అని చెప్పుకోవాలి.

మీ ఆయన సంగతి కాస్త ఆలోచించాల్సిందే. పోయింది ఆయన తండ్రి. ఆ పేరు మాట్లాడుకోవడం ఆయనకీ కష్టంగా ఉండి తప్పుకుంటున్నారేమో. అయినా బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయాల్సింది తండ్రే. అప్పుడు 'మీరూ మీరూ' అంటే పంతులుగారు ఊరుకోరు. ఈ ఆదివారం హైదరాబాద్ నుంచి నేరుగా గుంటూరు రాకుండా, ముందు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి ఒక పూట ఉండి రమ్మనండి. మీ తరఫున వాదించడానికి కాదు, ఆవిడ పక్కన కూర్చోవడానికి.

ఈలోగా ఆవిడకి మీరే ఒకసారి ఫోన్ చేయండి. బాబు పేరు ఎత్తకండి. మామగారికి ఆ పేరు ఎవరు పెట్టారు, కొండకి ఏం మొక్కుకున్నారు, చిన్నప్పుడు ఆయన్ని ఇంట్లో ఏమని పిలిచేవారు అని అడగండి.