చేతి రగ్గుల ధర ఎట్లా కట్టాలి, స్టాల్ ఎప్పుడు తీసుకోవాలి

అక్కా, మీరు అడిగినవి మూడు. అత్తా కోడళ్ళు ముగ్గురు కలిసి గోనెపట్టా మీద కొక్కెంతో పేలికలు (బట్ట చీలికలు) లూపులుగా పైకి లాగి చేసే, నేల మీద పరిచే 24 బై 16 అంగుళాల రగ్గుకు నల్లగొండలో ఎవరూ 400 రూపాయలు దాటి ఇవ్వట్లేదు. ఉతికాక కొన్ని దొప్పలాగా లేస్తున్నాయి, కొన్నిట్లో లూపులు ఊడొస్తున్నాయి. హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకోవచ్చా అన్నది మూడోది. మొదటిదానికీ మూడోదానికీ జవాబు ఒక్కచోటే ఉంది, ఆరంగుళాల ముక్కలో.

మీ ముగ్గురిలో మరీ వేగం కాకుండా, మరీ నిదానం కాకుండా చేసే మనిషిని కూచోబెట్టండి. 6 బై 6 అంగుళాల చదరం గీసి, పేలికలు తూచి చేతికివ్వండి. గడియారం పక్కన పెట్టి నింపమనండి. అయ్యాక మిగిలిన పేలికలు మళ్ళీ తూయండి. తేడా ఎంతో అంత సరుకు పట్టినట్టు. గోనెతో కలిపి తూస్తే లెక్క తప్పుతుంది. ఆ చదరం 36 చదరపు అంగుళాలు, మీ రగ్గు 384. అంటే పదింతలు, ఇంకా కొంచెం. ముక్కకు 45 గ్రాములు పడితే రగ్గుకు 480 గ్రాములు. ముక్కకు గంటంబావు పడితే రగ్గు నింపడానికి 13 గంటల 20 నిమిషాలు.

దీనికి అంచు కలపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. అంచు కుట్టు అంగుళానికి నిమిషం అనుకోండి. ఈ రగ్గు చుట్టుకొలత 80 అంగుళాలు కాబట్టి ఇంకో 80 నిమిషాలు. మొత్తం 880 నిమిషాలు. మా ఇంట్లో కూలి నిమిషానికి రూపాయి, గంటకు 60. లెక్క సులువుగా ఉంటుందని అట్లా పెట్టుకున్నాం. అంటే చేతి కూలే 880. గోనె, పేలికలు, నవారు, దారం కలిపి 150 అనుకున్నా 1,030 రూపాయలు. మీరు 400కు ఇస్తున్నారంటే సరుకు ఖర్చు పోను గంటకు 17 రూపాయలు మిగులుతోంది. బత్తాయి తోటలో కాయ కోతకు పోయినా ఇంతకంటే వస్తుంది.

చిన్నవి చేస్తే చవగ్గా అమ్మొచ్చు అనుకోకండి. 4 అంగుళాల కప్పు కోస్టర్‌లో నింపేది 16 చదరపు అంగుళాలే, అంచు కూడా 16 అంగుళాలు. నింపడానికి 33 నిమిషాలు, అంచుకు 16. అంటే పనిలో మూడోవంతు అంచుకే పోతుంది. రగ్గులో పదో వంతు కూడా పోదు. నాలుగు కోస్టర్ల సెట్టుకు కూలే 200 దాకా వస్తుంది. అందరికంటే బాగా గిట్టేది 14 అంగుళాల గుండ్రటి కుర్చీ మ్యాట్. 154 చదరపు అంగుళాలు, అంచు 44 అంగుళాలు, కూలి సుమారు 365 రూపాయలు. చూడ్డానికి పెద్దగా కనిపిస్తుంది, చేతిసంచిలో పడుతుంది, కొనేవాళ్ళు ఒకటి కాదు, నాలుగైనా ఆరైనా తీసుకుంటారు.

ఇంకో మాట. బోర్డు మీద ఉత్త 'రగ్గులు' అని రాయకండి. మనవాళ్ళకు రగ్గు అంటే కప్పుకునేది. చలికాలం కాదు కదా అనుకుని వెళ్ళిపోతారు. 'డోర్ మ్యాట్' అని రాస్తే ఇంకా నష్టం, బజార్లో వంద రూపాయలకు దొరికే మ్యాట్ కళ్ళముందు మెదులుతుంది. 'చేత్తో చేసిన నేల తివాచీలు, కుర్చీ మ్యాట్లు, గోడ బొమ్మలు' అని రాయండి.

ఇక సరుకు. దొప్పలాగా లేవడానికి కారణాలు రెండు, రెండూ కలిసే ఉంటాయి. ఒకటి, గోనెను ముందు తడపకపోవడం. కొత్త గోనె మొదటి తడికి కుంచించుకుపోతుంది, పైనున్న బట్ట అంత కుంచించుకోదు, దాంతో అంచులు లేస్తాయి. వేడినీళ్ళలో గంటసేపు నానేసి, పిండకుండా ఆరేసి, చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు గీత గీయండి. కొత్త గోనెకు ఉండే కిరసనాయిలు లాంటి వాసన కూడా కొంత పోతుంది. రెండోది, ప్రతి కన్నంలోనూ లూపు తీయడం. ఒత్తుగా ఉంటే గట్టిగా ఉంటుందనుకుంటాం, కానీ లూపులు ఒకదాన్నొకటి తోసుకుని గోనె విల్లులాగా వంగుతుంది. ఒకటి రెండు కన్నాలు వదిలి తీయాలి. పైన చూస్తే గోనె కనపడకూడదు, వేలు పెడితే లూపుల మధ్య కదలాలి.

లూపులు ఊడటం దీనికి ఉల్టా జబ్బు. ఈ పనిలో ముడి అన్నదే లేదు, పక్క లూపు ఒత్తిడితోనే లూపు నిలబడుతుంది. మరీ పలచగా తీస్తే పిల్లి గోరు తగిలినా వరస వరసంతా వస్తుంది. తిరగేసి చూడండి. వెనక పేలికలు ఒకదాని మీంచి ఒకటి దాటి పోతుంటే వాటినే ఏదో ఒకటి పట్టుకుని లాగుతుంది. ఒకచోట పేలిక అయిపోతే కొస పైకి తీసి లూపుల ఎత్తుకు కత్తిరించాలి, కొత్తది అదే కన్నంలోంచి మొదలవ్వాలి. వెనక కొసలు వేలాడకూడదు. ముందు బొమ్మ గీత మీద ఒక వరస, తర్వాత లోపల, అన్నిటికంటే చివర నేపథ్యం.

మిర్యాలగూడ మిల్లుల దగ్గర పాత బియ్యం సంచులు చవక కదా అని రాశారు. వద్దు. హమాలీలు కొక్కెం వేసి లాగిన చోటల్లా పోగులు తెగి ఉంటాయి, ఆ చిల్లు రగ్గు మధ్యలో వచ్చిందాకా తెలియదు. పైగా ఆ సంచుల నేత చాలావరకు ఏటవాలుగా, ఒత్తుగా ఉంటుంది, కొక్కెం దిగదు. లోపల పురుగు ఉంటే దాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. ప్యాకింగ్ సామాను దుకాణాల్లో మీటర్ల లెక్కన అమ్మే సాదా నేత గోనె తీసుకోండి. అంగుళానికి 10 నుంచి 12 పోగులు ఉంటే మన పనికి సరి. చెమ్మ, ఎండ రెండూ గోనెకు పడవు. కొన్నేళ్ళకు పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. ఎక్కువ ధర పెట్టే రగ్గులకు అదే వదులు నేత ఉన్న దళసరి నూలు గుడ్డ వాడండి.

గోనె మీద నిలువు గీత స్కేలుతో గీయొద్దు. రెండు పోగుల మధ్య గాడిలో పెన్సిల్ మొన పెట్టి మెల్లగా లాగితే ఆ గాడే దారి చూపిస్తుంది. స్కేలుతో గీసిన గీత పోగులను అడ్డంగా దాటిపోతే పూర్తయ్యాక రగ్గు ఒక మూలకు వాలుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా సరికాదు. చుట్టూ 4 అంగుళాలు వదలండి. అంచుకు మిషన్ మీద రెండు వరసల జిగ్‌జాగ్ వేశాకే ఎక్కువున్న గోనె కత్తిరించాలి.

చట్రం కొత్తగా కొనే పనిలేదు. మగ్గం వర్క్ చేసేవాళ్ళ చట్రం సరిపోతుంది, డప్పులాగా మోగేంత బిగించండి. వాళ్ళు వాడే ఆరీ సూది మాత్రం పేలికకు చాలదు. 4 లేదా 5 మిల్లీమీటర్ల క్రోషే సూదికి లావుపాటి కర్ర పిడి వేయించుకోండి. సన్న పిడితో నాలుగు గంటలు లాగితే మణికట్టు పట్టేస్తుంది, మర్నాటి పని పోతుంది.

పేలికల్లో ఒక్కోదానిది ఒక్కో గుణం. బనియన్ గుడ్డ అరంగుళం వెడల్పు కోసి లాగితే తనే గొట్టంలా చుట్టుకుంటుంది, పోగు రాలదు. బ్లౌజు ముక్కల్లాంటి నేత బట్ట పోగు రాలుతుంది. దాన్ని కత్తెరతో కాకుండా పోగు వెంట చింపితే తక్కువ రాలుతుంది. పాలిస్టర్ కలపొద్దు, జారుతుంది. మీ వైపు పాత గొంగళ్ళు దొరికితే వదలకండి. దక్కన్ గొర్రె ఉన్ని ముతకది, సహజమైన నలుపు, రంగు దిగే భయం లేదు. కానీ గొంగడి నేతలో చింతగింజల గంజి పెడతారు, అది పోయేదాకా వేడినీళ్ళు, సబ్బుతో ఉతకాలి. గంజి మిగిలితే పురుగు పడుతుంది. ఆ ఉతుకుకు నేత కొంత బిగుసుకుంటుంది కూడా. గొంగడి పేలిక పావంగుళం చాలు. ఉన్నికి సాధారణంగా రగ్గు విస్తీర్ణానికి నాలుగైదు రెట్ల బట్ట పడుతుందంటారు. బనియన్‌కు పేలిక వెడల్పు, లూపు ఎత్తు ఎక్కువ కాబట్టి ఏడెనిమిది రెట్లు పట్టొచ్చు. అందుకే నోటి లెక్క కాకుండా ఆరంగుళాల ముక్క తూయమంటున్నది.

ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కల్ని వాడే ముందు తెల్లటి నూలు గుడ్డతో కలిపి సబ్బు కలిపిన వేడినీళ్ళలో అరగంట వేసి చూడండి. తెల్లగుడ్డ మీద కొంచెం రంగు కనపడినా పక్కన పెట్టేయండి. ఉప్పు, పటిక వేస్తే ఆగుతుందని అంటారు, నమ్మొద్దు.

వెనక రబ్బరు పాలు, జిగురు పూయమని కొందరు చెప్తారు. లూపులు ఆగుతాయి నిజమే, కొన్నేళ్ళకు ఆ రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. ఒక లూపు తెగితే బాగుచేసే వీలూ ఉండదు. జారకుండా కింద రబ్బరు జాలీ వేసుకోమని కొనేవాళ్ళకు చెప్పండి. అంచుకు లావు ఊలు దారంతో చుట్టు కుట్టు వేసి, వెనక నూలు నవారు కుడితే చాలు. అయిపోయాక తడిగుడ్డ పరిచి వెనకనుంచి ఇస్త్రీ పెట్టెతో ఒత్తి (రుద్దకుండా), ఒక రోజంతా సమంగా పరిచి ఆరనివ్వండి.

ముగ్గురూ కూచుని ఒకే రగ్గు చేస్తే తొందరగా అవుతుందన్నారు. అవుతుంది, కానీ ఒక్కొక్కరి లూపు ఎత్తు వేరు. అత్త నింపిన సగం, కోడలు నింపిన సగం ఎండలో పెట్టి పక్కనుంచి చూస్తే గట్టు కట్టినట్టు తెలుస్తుంది. ఒక రగ్గు ఒకరి చేతిలోనే ఉండాలి. పని పంచుకోవాలంటే ఒకరు పేలికలు కోయడం, ఒకరు అంచులు కుట్టడం చేయొచ్చు. డబ్బు కూడా రోజు లెక్కన కాదు, చదరపు అంగుళాల లెక్కన, అంచు అంగుళాల లెక్కన పంచండి. ఇంట్లో మాట రాకుండా ఉంటుంది.

ఇప్పుడు స్టాల్. ముగ్గురు రోజుకు నాలుగేసి గంటలు, నెలకు 25 రోజులు చేస్తే 300 గంటలు. ఒక్కో రగ్గు 14 గంటల 40 నిమిషాలు కాబట్టి నెలకు 20 రగ్గులు. ఈ సరుకుతో మీరడిగిన ఎగ్జిబిషన్, అంటే నాంపల్లి నుమాయిష్ వైపు చూడొద్దు. అది జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. మీ సరుకు మొదటి వారంలో అయిపోతే మిగతా రోజులకు అద్దె కట్టి ఖాళీ బల్ల దగ్గర కూచోవాలి. అయిపోకపోతే 46 రోజుల తిండి, బస. శని ఆదివారాల రెండు మూడు రోజుల మేళాలు మీకు సరి. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలకు జనం లక్షల్లో వస్తారు, నిజమే. అక్కడ అమ్ముడయ్యేవి గాజులు, బొమ్మలు, మిఠాయి. వెయ్యి రూపాయల రగ్గు కోసం ఎవరూ జాతరకు రారు.

మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘాల ఆడవాళ్ళు చేసిన సరుకు అమ్మే సరస్ మేళాల గురించి మండల సమాఖ్యలో అడగండి. కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల కమిషనర్ ఇచ్చే పెహచాన్ కార్డుకు (చేతిపనివాళ్ళ గుర్తింపు కార్డు) ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఢిల్లీ హాట్, గాంధీ శిల్ప బజార్ లాంటి చేతిపనుల బజార్లలో చోటు అడగాలంటే అది కావాలి. కార్డు మనిషి పేరు మీద వస్తుంది, కాబట్టి ముగ్గురూ వేరువేరుగా పెట్టండి.

స్టాల్ ఖర్చును రగ్గుల సంఖ్యతో భాగించకండి. అద్దె, బస్సు, తిండి, బస కలిపి 6,000 అయిందనుకోండి, అమ్మకం 24,000 అంచనా అయితే అమ్మే ప్రతి రూపాయిలో పావలా అదే. అప్పుడు 1,030 పడ్డ రగ్గు ధర 1,375 దాకా ఉండాలి. ఇంటి దగ్గర అమ్మినా అదే ధర పెట్టండి. ఊళ్ళో 900, హైదరాబాద్‌లో 1,375 అని తెలిస్తే కొనేవాళ్ళు మళ్ళీ రారు.

బస్సులో తీసుకుపోయేటప్పుడు మడత పెట్టొద్దు. లూపులు బయటికి వచ్చేలా చుట్టండి. లోపలికి చుడితే లూపులు ఒకదాన్నొకటి నొక్కుకుని గోనె సాగుతుంది. తాడుతో బిగిస్తే గాడి పడుతుంది, పాత చీర ముక్కతో వదులుగా కట్టండి. స్టాల్‌లో ఒక్క రగ్గు కూడా నేల మీద పరచకండి, బురద కాళ్ళతో తొక్కుతారు, తొక్కినదాన్ని ఎవరూ కొనరు. గోడకు వేలాడదీయండి, ఒకటి తిరగేసి వెనకవైపు కనపడేలా పెట్టండి. పసుపు బల్బు కింద నీలం ఆకుపచ్చలాగా కనిపిస్తుంది, తెల్ల బల్బు మీరే తీసుకెళ్ళండి. సగం అయిన చట్రం ఒకటి ముందు పెట్టుకుని లూపు తీస్తూ కూచుంటే జనం ఆగుతారు. పిల్లలు లాగుతారు కాబట్టి ఆ ముక్క అమ్మేది కాకుండా చూసుకోండి.

నేల మీద పరిచేవాటి మీద దేవుడి బొమ్మలు, అక్షరాలు వద్దు. 'స్వాగతం' అని రాసిన మ్యాట్లు బజార్లో బోలెడున్నాయి కానీ, వెయ్యి పెట్టి కొనే మనిషి అక్షరం మీద కాలు పెట్టడానికి వెనకాడుతుంది. చుక్కల ముగ్గులు బాగా పోతాయి, గోనె గళ్ళ మీద చుక్కలు కొలవడం కూడా తేలిక.

ప్రతి రగ్గుకు చిన్న చీటీ కుట్టండి: మిషన్‌లో వేయొద్దు, నీళ్ళలో నానబెట్టొద్దు, ఒక కొస పట్టుకుని గోడకు కొట్టొద్దు, మరక పడితే తడిగుడ్డతో అద్ది నీడలో ఆరేయాలి. చీటీ మీద రగ్గు నంబరు రాసి, అదే రంగు పేలికలు నాలుగు ఇంట్లో ఓ కవర్లో ఆ నంబరుతో దాచుకోండి. ఆర్నెల్లకు ఎవరైనా తెగిన లూపుతో తిరిగొస్తే పది నిమిషాల పని.