భుజం మార్పిడి తర్వాత ఎంత మెరుగైతే మెరుగైనట్టు?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 67. ఎడమ భుజంలో కండరాలు తెగిపోయి, కీలు కూడా అరిగిపోయిందని చెప్పి ఏడాది క్రితం 'రివర్స్' పద్ధతిలో భుజం కీలు మార్చారు. అంతకు ముందు రెండేళ్ళ పాటు ఆమె నొప్పితో రాత్రిళ్ళు కూర్చునే తెల్లవార్చేది. మొన్న చూపించుకోవడానికి వెళ్తే ఒక ప్రశ్నపత్రం నింపించి, 'ఏ.ఎస్.ఇ.ఎస్.' స్కోరు 30 నుంచి 65కు పెరిగిందని, ఫలితం చాలా బాగుందని చెప్పారు. నొప్పి పోయిన మాట నిజమే. కానీ ఎడమ చెయ్యి వెనక్కి పోవడం లేదు. దొడ్డికి వెళ్ళినప్పుడు శుభ్రం చేసుకోలేకపోతున్నానని అమ్మ నాతో కన్నీళ్ళు పెట్టుకుంది. సిగ్గుతో డాక్టరుగారికి చెప్పలేదట. మేము ఆ 65ను నమ్మాలా, అమ్మ మాటను నమ్మాలా?
- ఒక కుమార్తె, ఖమ్మం

జవాబు: రెండూ నిజమే. ఒకే ఫలితం గురించి అవి రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. ఆ స్కోరు ఎలా కడతారో తెలిస్తే ఇది మీకే అర్థమవుతుంది.

ఏ.ఎస్.ఇ.ఎస్. అన్నది అమెరికాలోని భుజం, మోచేయి శస్త్రవైద్యుల సంఘం రూపొందించిన కొలమానం. అందులోని 100 మార్కుల్లో సగం నొప్పికి, సగం పనులకు ఇస్తారు. నొప్పిని రోగి సున్నా నుంచి 10 దాకా ఒక అంకెతో చెబుతారు. ఆ అంకెను 10 నుంచి తీసివేసి, మిగిలినదాన్ని 5తో గుణిస్తే నొప్పి మార్కులు వస్తాయి. పనుల భాగంలో పది ప్రశ్నలుంటాయి: కోటు తొడుక్కోగలరా, నొప్పి ఉన్న పక్కకు తిరిగి పడుకోగలరా, వీపు రుద్దుకోగలరా, కాలకృత్యాలు స్వయంగా తీర్చుకోగలరా, తల దువ్వుకోగలరా, ఎత్తున ఉన్న అరను అందుకోగలరా, 10 పౌండ్లు, అంటే దాదాపు నాలుగున్నర కిలోల బరువును భుజం కంటే పైకి ఎత్తగలరా, బంతిని చెయ్యెత్తి విసరగలరా, మామూలుగా చేసే పని, ఆడే ఆట సాగించగలరా అని. ఒక్కొక్కదానికి సున్నా నుంచి 3 దాకా వేసి, మొత్తం 30ని 50కి పెంచి లెక్క కడతారు.

ఇప్పుడు మీ అమ్మగారి అంకెలను ఒకసారి ఊహించి చూద్దాం. శస్త్రచికిత్సకు ముందు ఆమె నొప్పిని 8 అని చెప్పి ఉంటే నొప్పి మార్కులు 10. పనుల్లో 30కి 12 వచ్చి ఉంటే అవి 20 మార్కులు. మొత్తం 30. ఇప్పుడు నొప్పి 1కి దిగింది కాబట్టి ఆ భాగం 45 అయింది. పనుల భాగం ఎక్కడ ఉన్నది అక్కడే ఆగిపోయినా మొత్తం 65 అవుతుంది. అంటే పెరిగిన 35 మార్కులూ ఒక్క నొప్పి తగ్గడం వల్లనే వచ్చి ఉండవచ్చు. పైగా పది పనుల్లో కాలకృత్యాలు ఒకటి మాత్రమే కనుక, ఆ పని అసలే చేతకాకపోయినా 100లో పోయేది 5 మార్కులే. మన ఇళ్ళలో ఆ పనికి నీళ్ళు, ఎడమ చెయ్యి తప్ప వేరే ఏర్పాటు ఎరగని పెద్దవారికి అది 5 మార్కుల సంగతి కాదు, మానమర్యాదల సంగతి. బంతి విసరలేకపోవడానికీ, దీనికీ ఆ పత్రం ఒకే విలువ కడుతుంది.

కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు మొత్తం స్కోరు కాకుండా నొప్పి మార్కులు ఎన్ని, పనుల మార్కులు ఎన్ని అని విడదీసి అడగండి. అమ్మగారు చెప్పడానికి ఇబ్బంది పడితే మీరే చెప్పండి. రివర్స్ మార్పిడిలో బంతి ఉండవలసిన చోట గిన్నె, గిన్నె ఉండవలసిన చోట బంతి అమర్చి, తెగిపోయిన కండరాల పనిని భుజంపైని డెల్టాయిడ్ కండరంతో చేయిస్తారు. దీనివల్ల చెయ్యి పైకి లేవడం బాగుపడుతుంది గాని, వెనక్కి తిప్పి నడుము దగ్గరకు తెచ్చే కదలిక చాలామందిలో ఆశించినంతగా రాదు. ఇది వైద్యులకు బాగా తెలిసిన పరిమితి. అది ముందే రోగికి చెప్పవలసిన విషయమని, ముఖ్యంగా ఎడమ భుజానికి చేస్తున్నప్పుడు తప్పకుండా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. చేతిని బలవంతంగా వెనక్కి లాగే వ్యాయామాలు ఇంట్లో సొంతంగా చేయించకండి. ఆ భంగిమలో రివర్స్ కీలు జారే ప్రమాదం ఉంటుంది. ఎంతవరకు సాధన చేయవచ్చో ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకోండి. ఈలోగా పాశ్చాత్య తరహా కమోడ్, చేతికి అందేలా నీటి స్ప్రే పెట్టిస్తే ఆమె బాధ ఈ వారంలోనే చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: నేను ఫిజియోథెరపీ చివరి సంవత్సరం విద్యార్థిని. భుజం మార్పిడి తర్వాత ఏ.ఎస్.ఇ.ఎస్. స్కోరులో 'ఎం.సి.ఐ.డి.' ఎంత అని వెతికితే ఒక పరిశోధనలో 9 అని, ఒకదానిలో 13.6 అని, మరొకదానిలో దాదాపు 21 అని ఉంది. ఇందులో ఏది సరైనది?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: మూడూ ఎవరి పద్ధతిలో వారు శ్రద్ధగా కట్టిన లెక్కలే. అయితే మూడింటిలోనూ అడిగిన ప్రశ్న ఒక్కటి కాదు.

ఇతర పాఠకుల కోసం మొదట ఆ మాటకు అర్థం చెబుతాను. ఎం.సి.ఐ.డి. అంటే రోగి తనకు మేలు జరిగిందని గుర్తించగలిగిన అతి చిన్న మార్పు. 1989లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జేష్కే, సింగర్, గయాట్ అనే పరిశోధకులు గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న రోగుల ప్రశ్నపత్రాలను పరిశీలిస్తూ ఈ భావనను స్పష్టంగా నిర్వచించారు. దాని అవసరం ఎందుకు వచ్చిందంటే, వేలమంది రోగులను తీసుకుంటే సగటున రెండు మార్కుల తేడా కూడా గణాంకశాస్త్రం ప్రకారం 'యాదృచ్ఛికం కాదు' అని తేలుతుంది. కానీ ఆ రెండు మార్కులు వచ్చిన మనిషికి తన భుజంలో ఏ తేడా తెలియకపోవచ్చు. లెక్కకు అందే తేడాను, మనిషికి అందే తేడాను వేరు చేయడమే ఈ భావన చేసిన మేలు.

దీన్ని కట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటి దారిలో స్కోరుతో పాటు రోగిని విడిగా ఒక ప్రశ్న అడుగుతారు: 'శస్త్రచికిత్సకు ముందుతో పోలిస్తే ఇప్పుడు మీ భుజం ఎలా ఉంది? ఏమీ మారలేదా, కొంచెం నయమా, చాలా నయమా?' ఆ సమాధానాన్ని గుంజగా పాతుకుని, 'కొంచెం నయం' అన్నవారికీ 'ఏమీ మారలేదు' అన్నవారికీ మధ్య స్కోరులో ఎంత తేడా ఉందో చూస్తారు. రెండో దారిలో రోగిని ఏమీ అడగరు. ఆ గుంపులో స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చూసి, ఆ చెదురులో ఒక భాగాన్ని, తరచుగా సగాన్ని, హద్దుగా పెట్టుకుంటారు. ఈ రెండో దారి సులభమే గాని, అందులో రోగి గొంతు వినిపించదు. అందుకే నేను మొదటిదానికే మొగ్గు చూపుతాను. అలాగని మొదటిదానిలో లోపం లేదనలేము. ఏడాది కిందటి బాధను ఎవరూ ఉన్నదున్నట్టు గుర్తుంచుకోలేరు, ఈ రోజు హాయిగా ఉన్నవారు నాటి బాధను పెంచి గాని తగ్గించి గాని చెప్పగలరు. గుంజ ప్రశ్నలో మాట మారినా హద్దు మారుతుంది. 'నయంగా ఉందా' అని అడిగితే ఒక అంకె, 'తృప్తిగా ఉన్నారా' అని అడిగితే ఇంకొక అంకె వస్తుంది. ఏ రకం కీలు వేశారు, ఎన్నాళ్ళకు కొలిచారు, మొదట స్కోరు ఎంత ఉంది అనేవాటిని బట్టి కూడా హద్దు మారుతుంది.

మీరు ఇంకొక విషయం గమనించాలి. కొలమానానికి తనదైన తడబాటు ఉంటుంది. ఏ మార్పూ రాని మనిషి చేతనే వారం తేడాతో ఆ పత్రాన్ని రెండుసార్లు నింపిస్తే స్కోరు కొద్దిగా అటూఇటూ కావచ్చు. ఎవరైనా చెప్పే 'కనీస మేలు' ఆ తడబాటు కంటే చిన్నదిగా ఉంటే, ఒక్క రోగి విషయంలో దాన్ని నమ్మలేము.

ఇక 'కనీసం' అన్న మాటను మరిచిపోవద్దు. ఎముకను కోసి, లోహపు కీలు అమర్చి, ఆరు వారాల దాకా చేతికి జోలె కట్టి, నెలల తరబడి వ్యాయామం చేసిన మనిషి 'కొంచెం నయం' కోసమే ఇంత కష్టానికి ఒప్పుకున్నారని నేను అనుకోను. అందువల్ల 'గణనీయమైన మేలు' అనే రెండో హద్దును కూడా పరిశోధకులు లెక్కిస్తారు. ఏ.ఎస్.ఇ.ఎస్.లో కనీస మార్పు 13.6 అని చెప్పిన పరిశోధనే గణనీయమైన మేలుకు 31.5 అని చెప్పింది. మీరు వ్యాసాలు చదివేటప్పుడు 'ఇంత శాతం మంది రోగులు బాగుపడ్డారు' అన్న వాక్యం కనిపిస్తే, వారు ఏ హద్దు దాటినవారిని లెక్కలోకి తీసుకున్నారో వెంటనే చూడండి. ఒకే ఆసుపత్రి రోగులను తక్కువ హద్దుతో కొలిస్తే దాదాపు అందరూ గెలిచినట్టు, ఎక్కువ హద్దుతో కొలిస్తే చాలామంది వెనకబడినట్టు కనిపిస్తారు.

ప్రశ్న: మా బావగారి స్కోరు 70 నుంచి 82కు మాత్రమే పెరిగింది. 12 మార్కుల కోసమా ఇంత ఖర్చు అని ఇంట్లో అందరూ ఆయన్ను అంటున్నారు. ఆయన మాత్రం సంతోషంగానే ఉన్నారు.
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఆయనకు పెరగడానికి ఉన్న చోటే 30 మార్కులు. అందులో 12 వచ్చాయంటే 40 శాతం పూడినట్టు. పై ఉత్తరంలోని అమ్మగారికి 70 మార్కుల చోటు ఉంది, 35 వచ్చాయి. అంటే 50 శాతం. ఉత్త తేడా చూస్తే ఒకరిది మరొకరిదానికి దాదాపు మూడింతలు, మిగిలిన చోటుతో పోలిస్తే ఇద్దరూ దాదాపు దగ్గరలోనే ఉన్నారు. మొదటే ఎక్కువ స్కోరు ఉన్నవారు ఎం.సి.ఐ.డి. హద్దు దాటడం కష్టమన్నది ఈ రంగంలో తెలిసిన చిక్కే. అయితే ఇందులో ముందుగా ఆలోచించవలసిన సంగతి కూడా ఒకటి ఉంది. 70 దగ్గర ఉన్నవారు శస్త్రచికిత్సకు వెళ్ళేముందు 'నాకు రాబోయే మేలు ఎంత' అని సర్జన్‌ను తప్పకుండా అడగాలి. జరిగిపోయాక ఆయన సంతోషమే ఆయనకు కొలత. దయచేసి ఆయన్ను ఏమీ అనకండి.

ప్రశ్న: రోగి చెప్పేది మనసును బట్టి మారుతుంది కదా! డాక్టరే కొలిచి మార్కులు వేస్తే సరిపోదా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: అటువంటి కొలమానం ఉంది. 1987లో వెలువడిన కాన్‌స్టంట్ స్కోరులో 100కి 65 మార్కులు వైద్యులు కొలిచి వేసేవే: కదలికలకు 40, బలానికి 25. నొప్పికి 15, రోజువారీ పనులకు 20 మాత్రమే మిగులుతాయి. ఐతే బలాన్ని చెయ్యి పక్కకు 90 డిగ్రీలు ఎత్తి ఉంచి కొలుస్తారు. అంత ఎత్తలేని మనిషికి ఆ 25లో సున్నా వస్తుంది, 80 డిగ్రీల దగ్గర ఆయన బియ్యం సంచీ మోయగలిగినా సరే. కొలిచే పరికరానికీ దాని మొండితనం ఉంటుంది. పైగా నొప్పి ఎంత ఉందో చెప్పగల సాక్షి ఆ శరీరంలో ఉన్న మనిషి ఒక్కరే. రెండు కొలతలూ ఉండాలని, అవి విభేదించినప్పుడు రోగి చెప్పే మాటను ఇంకాస్త ఓపికగా వినాలని నా అభిప్రాయం.

ప్రశ్న: ఇంగ్లండులో ఉంటున్న మా నాన్నగారికి 'ఆక్స్‌ఫర్డ్ భుజం స్కోరు' 41 అని చెప్పారు. ఇంటర్నెట్‌లో ఒకచోట ఎక్కువ వస్తే మంచిదని, మరొకచోట తక్కువ వస్తే మంచిదని ఉంది.
- ఒక కుమారుడు, హైదరాబాదు

జవాబు: 1996లో వచ్చిన పాత లెక్కలో ఆ 12 ప్రశ్నలకు మొత్తం 12 నుంచి 60 దాకా మార్కులు, అందులో తక్కువ రావడమే మంచిది. తర్వాత దాన్ని తిరగేసి సున్నా నుంచి 48 దాకా చేశారు. ఇందులో ఎక్కువ రావడం మంచిది. పాత అంకెను 60 నుంచి తీసివేస్తే కొత్తది వస్తుంది. ఇప్పుడు సాధారణంగా వాడేది కొత్త లెక్కే కనుక 48కి 41 మంచి స్కోరు. పాత లెక్కలో అదే 41 కొత్తదానిలో 19కి సమానమవుతుంది. అది బాధపడుతున్న భుజం. కాబట్టి కాగితం మీద ఏ లెక్కో ఒకసారి చూడమనండి.

ప్రశ్న: మా అమ్మమ్మగారు బావి గట్టు మీద జారిపడి భుజం ఎముక ముక్కలైంది. వారంలోపే రివర్స్ కీలు వేశారు. ఆరు నెలలైంది. మెరుగయ్యారా లేదా అని చెప్పడానికి 'ముందు' స్కోరే లేదు. ఏం చూడాలి?
- ఒక మనవరాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు మంచి చిక్కునే పట్టుకున్నారు. పడకముందు ఆమె భుజం బాగుంది, పడ్డాక భరించలేని నొప్పి. ఈ రెండింటిలో దేనితో పోల్చినా న్యాయం కాదు. మొదటిదానితో పోలిస్తే ఏ ఫలితమైనా నష్టంగానూ, రెండోదానితో పోలిస్తే ఏ ఫలితమైనా అద్భుతంగానూ కనిపిస్తుంది. ఇటువంటి చోట తేడాను వదిలిపెట్టి, ఇప్పటి స్థితిని నేరుగా అడిగే పద్ధతి ఉంది. రోజూ చేసే పనులు, నొప్పి, అన్నీ తలచుకుని 'మీ భుజం ఇక ముందు కూడా ఇలాగే ఉంటే మీకు సమ్మతమేనా' అని అడిగి, అవును, కాదు అన్న జవాబు తీసుకుంటారు. దాంతోపాటు దెబ్బ తగలని రెండో భుజంతో ఏయే పనులు చేయగలుగుతున్నారో, దీనితో ఏవి చేయలేకపోతున్నారో పక్కపక్కన రాయండి.

ఆ ప్రశ్నను మీరే అడగండి, కానీ చుట్టూ నలుగురూ ఉన్నప్పుడు వద్దు. 'నాకేం, బాగానే ఉన్నాను' అని మనవళ్ళ మనసు నొప్పించకుండా చెప్పడం పెద్దవాళ్ళకు అలవాటు. ఆమె తల దువ్వుకుని ముడి వేసుకోవడానికి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని, చెయ్యి ఎంతవరకు లేస్తోందో చూస్తూ అడగండి. ఇంకా ఆరు నెలలైనా మెరుగుదలకు అవకాశం ఉంది కనుక, జవాబు 'కాదు' అని వస్తే ఏ పని దగ్గర ఆగిపోతున్నారో రాసుకుని వ్యాయామాన్ని ఆ పని వైపు మళ్ళించమని ఫిజియోథెరపిస్టును కోరండి.